తాతల నాటి ఇల్లు ఎవరిది? పాత కుటుంబ గృహాల యాజమాన్య చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రెండు మూడు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న ఇంటిని అమ్మాలన్నా, పంచుకోవాలన్నా, పడగొట్టి కొత్తగా కట్టాలన్నా, బ్యాంకు అప్పుకు వెళ్లాలన్నా ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఇది ఎవరి నుంచి ఎవరికి, ఏ హక్కుతో వచ్చింది? ఇక్కడి సమాధానాలు సాధారణ అవగాహన కోసం ఇచ్చినవి. వివాదం ఉన్న ఇంటి కాగితాలను సివిల్ న్యాయవాదికి చూపించక తప్పదు.

యాజమాన్య చరిత్రను ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి?

ఇప్పటి నుంచి వెనక్కు వెళ్లాలి. చాలామంది "మా ముత్తాత కట్టిన ఇల్లు" అని పాత కథతో మొదలుపెట్టి ముందుకు వస్తారు. అలా వస్తే మధ్యలో ఎక్కడ తెగిందో తెలియదు. ఇప్పుడు ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉంది, వారికి ఎవరి నుంచి వచ్చింది, ఇచ్చినవారికి ఇచ్చే హక్కు ఎలా కలిగింది అని ఒక్కో మెట్టే దిగుతూ పోవాలి. ప్రతి మెట్టు దగ్గరా క్రయం, దానం, సెటిల్‌మెంటు, పంపకం, విడుదల (వాటా వదులుకోవడం), వీలునామా, కోర్టు డిక్రీ, మరణానంతర వారసత్వం, వీటిలో ఏదో ఒకటి ఉండి తీరాలి.

కుటుంబ గృహాల విషయంలో ఒక సంగతి మొదటే గుర్తుంచుకోవాలి. ఇల్లు అమ్ముడుపోయిన చోట సాధారణంగా దస్తావేజు ఉంటుంది, ఎందుకంటే డబ్బు ఇచ్చినవాడు కాగితం అడుగుతాడు. ఇంట్లో మనిషి పోయిన చోట కాగితం ఉండదు. పెద్దకర్మ జరుగుతుంది, మిగిలినవారు అదే ఇంట్లో ఉండిపోతారు, పన్ను రసీదు పోయినవారి పేరు మీదే ఏళ్ల తరబడి వస్తుంటుంది. కనుక చరిత్ర ఎక్కువగా తెగేది అమ్మకాల దగ్గర కాదు, మరణాల దగ్గర. దస్తావేజుల జాబితా కంటే ముందు వంశవృక్షం రాసుకోవాలని సూచించేది అందుకే. ఎవరు ఏ సంవత్సరంలో పోయారు, అప్పటికి ఎవరెవరు జీవించి ఉన్నారు, ఆడపిల్లల పెళ్లిళ్లు ఎప్పుడయ్యాయి అన్న వివరాలు లేకుండా ఏ న్యాయవాదీ మీ ఇంటి మీద అభిప్రాయం చెప్పలేరు.

ఇంట్లో దొరికిన పాత దస్తావేజులో ఏమేమి చూడాలి?

ముందు పేజీలో ఉన్న విషయం అందరూ చదువుతారు, వెనుక పేజీని ఎవరూ తిప్పరు. రిజిస్టరైన దస్తావేజు వెనుక సబ్‌రిజిస్ట్రారు రాసిన ఎండార్స్‌మెంట్లు ఉంటాయి. దస్తావేజును ఎవరు దాఖలు చేశారు, రాసి ఇచ్చినవారు ఒప్పుకున్నారా, వారిని ఎవరు గుర్తించారు, సొమ్ము అధికారి ఎదుట చెల్లించారా లేదా, చివరగా ఏ సంవత్సరపు ఏ నంబరుగా 1వ పుస్తకంలో ఏ సంపుటం, ఏ పేజీలలో నమోదైంది అన్నవి అక్కడే తెలుస్తాయి. కాగితం చిరిగినా, చెదలు తిన్నా ఆ నంబరూ సంవత్సరమూ ఆఫీసు పేరూ మిగిలితే చాలు, నకలు తీయించవచ్చు.

తరువాత చూడవలసింది "నాకు ఈ ఆస్తి ఎలా సంక్రమించింది" అని రాసి ఇచ్చినవారు చెప్పుకున్న వాక్యం. "నా తండ్రిగారి వల్ల నాకు పిత్రార్జితంగా సంక్రమించి", "నా స్వార్జితమై", "ఫలానా నంబరు దస్తావేజు మూలకంగా నేను కొని" వంటి మాటలు ఊరికే రాసినవి కావు. అంతకు ముందరి మెట్టు ఎక్కడుందో చూపేవి అవే. అలాగే సాక్షుల సంతకాలు చూడండి. అమ్మిన అన్నగారి దస్తావేజులో తమ్ముడు సాక్షిగా సంతకం చేసి ఉంటే, ఆ అమ్మకం అతనికి తెలుసని చెప్పడానికి అది కొంతవరకు పనికి వస్తుంది. అంతమాత్రాన దస్తావేజులోని విషయమంతా అతను ఒప్పుకున్నట్టు కాదు.

అసలు దస్తావేజే లేదు. పోయింది. ఇక ఆశ వదులుకోవాలా?

అక్కరలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసే 1వ పుస్తకాన్నీ, దాని సూచికలనూ రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు, ధ్రువీకృత నకలు పొందవచ్చు. నంబరు తెలియకపోతే పేర్ల సూచిక, ఆస్తుల సూచిక ద్వారా వెతకాలి. అయితే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల పరిధులు కాలక్రమంలో మారాయి. మీ ఊరు ఇప్పుడు ఒక ఆఫీసు కింద ఉండవచ్చు, 1950లలో వేరే ఆఫీసు కింద ఉండి ఉండవచ్చు. ఇప్పటి ఆఫీసులో "మా దగ్గర లేదు" అన్నారంటే ఎక్కడా లేదని అర్థం కాదు. మాతృ ఆఫీసు ఏదో కనుక్కొని అక్కడా అడగాలి.

ఇంకొక విషయం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకానికే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంతకు తక్కువ విలువైతే స్వాధీనం అప్పగించినా అమ్మకం చెల్లుతుంది. ఇప్పుడు వినడానికి వింతగా ఉన్నా, ఒకప్పుడు పల్లెలో పెంకుటిల్లు, దొడ్డి కలిపి ఎనభై రూపాయలకు చేతులు మారిన సందర్భాలకు ఈ నియమం వర్తిస్తుంది. అందువల్ల రిజిస్టరు కాని ఒక పాత క్రయపత్రం దొరికితే, దానిలోని సొమ్ము ఎంతో చూడకుండా పక్కన పడేయకండి.

ఈసీ తీశాం, "నిల్" వచ్చింది. ఇంటి మీద ఏ గొడవా లేనట్టేనా?

కాదు. ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, మీరు అడిగిన కాలానికి, మీరు ఇచ్చిన ఆస్తి వివరాలకు సరిపడే రిజిస్టరైన లావాదేవీలను మాత్రమే చూపుతుంది. రిజిస్టరు కాని పారీఖత్తు (పంపక పత్రం) అందులో ఉండదు. వీలునామాలు 3వ పుస్తకంలో నమోదవుతాయి కాబట్టి అవి కనబడవు. పెండింగులో ఉన్న భాగాల దావా కనబడదు. కేవలం వారసత్వం వల్ల కలిగిన హక్కులు అసలే కనబడవు. తాతగారు పోయాక ఆరుగురికి వాటాలు ఏర్పడిన ఇల్లు కూడా ఈసీలో ఏ మచ్చా లేకుండానే కనిపిస్తుంది. ఇంటి నంబరు ఒక అంకె తేడాగా రాసి ఇచ్చినా నిల్ వస్తుంది, దాన్ని చూసి సంతోషించేవారూ ఉంటారు.

ఆన్‌లైన్‌లో 1983కు ముందు వివరాలు రావడం లేదు. ఏం చేయాలి?

రెండు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్‌లో వెతకగలిగే ఈసీ సాధారణంగా 1983 నుంచే లభిస్తుంది. అంతకు ముందు కాలానికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టి చేతిరాత సూచికల్లో వెతికించాలి. అప్పుడు సర్వే నంబరు కంటే, ఇంటి నంబరు కంటే, వ్యక్తుల పేర్లే ముఖ్యం. ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, స్త్రీల విషయంలో భర్త పేరుతో, పేరు రాయగల రకరకాల విధాలతో జాబితా తయారుచేసుకొని వెళ్లండి. ఇంట్లో అందరూ ఒక పేరుతో పిలిచే మనిషి దస్తావేజులో మరో పేరుతో ఉండడం చాలా మామూలు.

దస్తావేజులోని ఇంటి నంబరు, ఇప్పటి నంబరు కలవడం లేదు. అది మా ఇల్లేనని ఎలా తేలుతుంది?

హద్దులతో తేలుతుంది. ఇంటి నంబర్లు వార్డుల విభజనతో, పంచాయతీ పురపాలక సంఘంగా మారినప్పుడు, కొత్త అసెస్‌మెంటు జరిగినప్పుడు మారుతూ వచ్చాయి. మున్సిపాలిటీలో పాత, కొత్త నంబర్లు ఒకటేనని ధ్రువీకరణ అడగవచ్చు. కానీ పాత నంబరే లేని కాలానికి తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని రాసిన చెక్కుబందీయే ఆధారం.

ఇక్కడ ఎక్కువమందికి తట్టని మార్గం ఒకటి ఉంది. మీ ఇంటి దస్తావేజు దొరకకపోయినా, మీ పొరుగువారి దస్తావేజులు ఉండవచ్చు. వాటి హద్దుల్లో "పడమర: ఫలానా వారి ఇల్లు" అని మీ పూర్వీకుల పేరు రాసి ఉంటుంది. నాలుగు వైపులా ఉన్న ఇళ్ల దస్తావేజులను సంవత్సరాల వారీగా చూస్తే, ఏ కాలంలో మీ ఇల్లు ఎవరి పేరున చలామణీ అయిందో, పేరు తాతగారి నుంచి నాన్నగారికి మారిందో, లేక మధ్యలో మరెవరి పేరైనా వచ్చిందో తెలుస్తుంది. అది మీ హక్కుకు నేరుగా రుజువు కాదు. కానీ మీతో ఏ సంబంధమూ లేనివారు, ఏ వివాదమూ లేని రోజుల్లో రాసుకున్న మాట కనుక దానికి బరువు ఉంటుంది.

కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, గుంట అంటే 121 చదరపు గజాలు. కానీ అంకణం నెల్లూరు, చిత్తూరు వైపు ఒకచోట 36 చదరపు అడుగులుగా, మరొకచోట 72 చదరపు అడుగులుగా లెక్కకు వస్తుంది. ఆ ఊరి వాడుక తెలియకుండా అంకణాలను గజాల్లోకి మార్చి "స్థలం సగం తగ్గింది" అని దావాకు దిగకూడదు.

మీభూమిలోనూ, భూభారతిలోనూ మా ఇల్లు కనిపించడం లేదు. మా పేరు ఎక్కించలేదా?

అవి వరుసగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఆన్‌లైన్ భూ రికార్డులు, ప్రధానంగా వ్యవసాయ భూములవి. ఊరి నడిబొడ్డున ఇళ్లున్న స్థలాన్ని పాత సర్వేల్లో గ్రామకంఠం లేదా ఆబాదీ అని మొత్తంగా చూపి వదిలేశారు. లోపల ఎవరి ఇల్లు ఎక్కడ అన్నది రెవెన్యూ రికార్డులో రాయలేదు. పహాణీలోనో అడంగల్‌లోనో పేరు లేదని కంగారు పడనవసరం లేదు. ఉండదు. కేంద్రప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించిన స్వామిత్వ పథకం ఉద్దేశమే గ్రామాల్లో ఇళ్లున్న ప్రాంతాన్ని డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇవ్వడం. మీ ఊరిలో ఆ కొలత జరుగుతుంటే ఇంట్లో ఉన్న ఒక్కరి పేరే రాయించుకోకుండా వారసులందరి పేర్లూ నమోదయ్యేలా చూసుకోవడం మంచిది.

పట్టణాల్లో అయితే టౌన్ సర్వే రిజిస్టరు ఉంటుంది. దానిలోని పేరు, కొలతలు, వీధి వైపు హద్దు చూడాలి. పురపాలక సంఘం మీ అరుగు రోడ్డులోకి వచ్చిందని నోటీసు ఇచ్చిన రోజున మొదట అక్కరకు వచ్చేది ఆ రిజిస్టరే.

నలభై ఏళ్లుగా ఇంటి పన్ను మా పేరునే కడుతున్నాం. అది యాజమాన్యం కాదా?

ఈ జవాబు చాలామందికి రుచించదు, కానీ కాదు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, కుళాయి కనెక్షను, మ్యుటేషను (రికార్డులో పేరు మార్పు), ఇవేవీ వాటంతట అవి యాజమాన్యాన్ని ఇవ్వవని న్యాయస్థానాలు ఎన్నోసార్లు స్పష్టం చేశాయి. అవి ఆ కాలంలో ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉందో చూపే ఆధారాలు. గొలుసులో ఒక లంకె తప్పిపోయినప్పుడు, పంచాయతీ పాత పన్ను డిమాండు రిజిస్టరులోని పేర్లు ఆ ఖాళీని అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి. అంతకు మించి వాటి మీద భారం మోపకూడదు.

తాతగారు వీలునామా రాయకుండా పోయారు. ఇల్లు ఆయన స్వార్జితం. ఎవరెవరికి వస్తుంది?

ఆయన ఎప్పుడు పోయారన్నదే మొదటి ప్రశ్న. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. ఆ తరువాత వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి స్వార్జితం మొదటి తరగతి వారసులకు, అంటే భార్యకు, కుమారులకు, కుమార్తెలకు, బతికి ఉంటే ఆయన తల్లికి, సమానంగా చెందుతుంది. ముందే పోయిన కుమారుడికో కుమార్తెకో సంతానం ఉంటే ఆ వాటా వారికి పోతుంది. పెళ్లై వెళ్లిపోయిన కూతురికి రాదన్న నియమం స్వార్జితం విషయంలో 1956 నుంచి ఎన్నడూ లేదు.

అందరూ మరచిపోయే వారసురాలు తల్లి. ఉదాహరణకు ఒకాయన 1972లో పోయేనాటికి ఆయన తల్లి, భార్య, ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు ఉన్నారనుకుందాం. ఇల్లు ఏడు సమాన వాటాలవుతుంది, అందులో ఒకటి ఆ ముసలి తల్లిది. ఆమె నాలుగేళ్ల తరువాత పోతే ఆ ఏడో వంతు ఆమె సంతానమందరికీ చేరుతుంది. అంటే ఆ ఇంట్లో పిల్లల బాబాయిలకూ మేనత్తలకూ కూడా చిన్న చిన్న వాటాలు ఏర్పడ్డాయన్నమాట. యాభై ఏళ్ల తరువాత ఇల్లు అమ్మబోతే కొనేవారి న్యాయవాది "మీ మేనత్తగారి పిల్లల సంతకాలు కావాలి" అంటే ఇంట్లోవారికి అది అన్యాయంగా తోస్తుంది. లెక్క మాత్రం అదే. ఎవరి మరణం ముందు, ఎవరిది తరువాత అన్న వరుసను మరణ ధ్రువీకరణ పత్రాలతో సహా స్థిరపరచుకోవాలని పట్టుబట్టేది ఇందుకే.

తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం వారసులెవరో చూపడానికి ఉపయోగపడుతుంది, కానీ వాటాలు తేల్చదు. కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ అప్పులు, డిపాజిట్లు, షేర్ల వంటి వాటికోసం ఉద్దేశించింది. ఇంటికి అది అడిగేవారుంటే, ఎందుకో వివరించమని అడగండి.

తాతగారి ఇల్లు కాబట్టి అది పిత్రార్జితం, మనవలకు పుట్టుకతో హక్కు ఉంటుంది కదా?

అన్ని సందర్భాల్లో కాదు. తాతగారు స్వయంగా సంపాదించిన ఇల్లు, ఆయన 1956 తరువాత వీలునామా లేకుండా పోగా నాన్నగారికి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షను కింద వచ్చిన వాటా నాన్నగారి సొంత ఆస్తి అవుతుంది గాని, మనవలతో కలిసిన ఉమ్మడి ఆస్తి కాదని సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో తేల్చింది. ముత్తాతల నుంచి పంచుకోకుండా వస్తున్న ఉమ్మడి కుటుంబపు ఇల్లు అయితే వేరు. కనుక ఇల్లు ఉన్న స్థలం ఎవరిది, కట్టిన డబ్బు ఎవరిది, ఉమ్మడి పొలం మీద వచ్చిన రాబడితో కట్టారా అన్న ప్రశ్నలు వస్తాయి. కుటుంబాల్లో "పిత్రార్జితం" అన్న మాటను తండ్రి వైపు నుంచి వచ్చిన ప్రతిదానికీ వాడతారు. చట్టంలో దాని పరిధి అంతకన్నా చాలా చిన్నది.

ఉమ్మడి కుటుంబపు ఇంట్లో ఆడపిల్లలకు హక్కు ఎప్పటి నుంచి?

ఇందులో మన రాష్ట్రం దేశం కంటే ముందు నడిచింది. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఆ తేదీ నాటికి పెళ్లి కాని కుమార్తెలను కొడుకులతో సమానంగా సహదాయాదులను (ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఉన్నవారిని) చేసింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటికీ, అంటే నేటి తెలంగాణకూ, అది వర్తించింది. కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9న వచ్చి, పెళ్లైనా కాకపోయినా కుమార్తెకు పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు ద్వారా గాని కోర్టు డిక్రీ ద్వారా గాని జరిగిన పంపకాలను మాత్రం కదిలించలేదు. తండ్రి 2005 నాటికి జీవించి ఉండాలా అన్న సందేహాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది. ఉండనవసరం లేదు. నోటి మాట పంపకం ఎప్పుడో జరిగిపోయిందని చెప్పి కుమార్తెల హక్కును తోసిపుచ్చడానికి ప్రభుత్వ రికార్డుల వంటి గట్టి ఆధారం ఉండాలని కూడా అదే తీర్పు చెప్పింది.

నివాస గృహానికి సంబంధించి ఇంకో మార్పు పెద్దగా ప్రచారంలోకి రాలేదు. 1956 చట్టం 23వ సెక్షను ప్రకారం, మగ వారసులు తమలో తాము పంచుకోవాలనుకునేదాకా కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని ఆడపిల్లలు అడగలేకపోయేవారు. 2005లో ఆ సెక్షనును తీసేశారు. "ఇల్లు పంచమని ఆడపిల్ల అడగకూడదు" అని ఇప్పటికీ పెద్దలు చెప్పే మాటకు ఒకప్పుడు చట్టంలో ఆధారం ఉండేది. ఇప్పుడు లేదు.

పాత కాగితంలో ఇల్లు నాయనమ్మకు "జీవితాంతం అనుభవించుటకు" అని రాసి ఉంది. ఆమె తరువాత ఎవరిది?

ఇది ప్రతి పాత ఇంటిలోనూ తలెత్తగల, జాగ్రత్తగా చదవవలసిన ప్రశ్న. వితంతువుకు మనోవర్తి కింద, అంటే ఆమె పోషణ హక్కుకు బదులుగా, ఇల్లు ఇచ్చి ఉంటే, ఆమె దానిని స్వాధీనంలో ఉంచుకొని ఉంటే, 1956 చట్టం 14(1) సెక్షను ఆ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. ఈ సూత్రాన్ని దేశానికంతటికీ స్థిరపరచిన 1977 నాటి తులశమ్మ, శేషారెడ్డి కేసు మన తెలుగు నేల మీద పుట్టిందే. అయితే పూర్వపు హక్కు ఏదీ లేకుండా, కొత్తగా వీలునామా ద్వారా గాని దానం ద్వారా గాని షరతుతో ఇస్తే 14(2) సెక్షను వర్తించి ఆ షరతు నిలుస్తుంది. ఒకే రకం మాటలున్న రెండు కాగితాలకు రెండు భిన్నమైన ఫలితాలు రావడానికి కారణం ఇదే. కనుక మాటలను మాత్రమే కాక, ఆమెకు అంతకు ముందు పోషణ హక్కు ఉండేదా అన్నదాన్ని చూడాలి.

ఆమె సంపూర్ణ యజమాని అయి, వీలునామా లేకుండా పోతే 15వ సెక్షను ప్రకారం భర్తకు, సంతానానికి వస్తుంది. సంతానం లేని స్త్రీకి పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఇల్లు ఆమె తండ్రి వారసులకు, భర్త లేదా మామగారి నుంచి వచ్చినది భర్త వారసులకు పోతుంది.

అన్నదమ్ములు తెల్లకాగితం మీద పారీఖత్తు రాసుకున్నారు. చెల్లుతుందా?

నోటి మాటతో పంచుకోవడం చెల్లుతుంది. పంచుకున్న తరువాత, జరిగినదాన్ని జ్ఞాపకం కోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. ఆ కాగితం ద్వారానే పంపకం జరుగుతుంటే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే "ఇదివరలో పెద్దమనుషుల సమక్షంలో పంచుకొని, ఎవరి భాగాలు వారు అనుభవిస్తున్నందున" అని ఉందా, "ఇందుమూలముగా పంచుకొనడమైనది" అని ఉందా అన్నది చూడాలి. పాత ఊళ్లలో కరణాలు రాసిన పారీఖత్తుల్లో ఈ తేడా తెలిసి రాసినవీ ఉన్నాయి, తెలియక రాసినవీ ఉన్నాయి. రిజిస్టరు కాని పంపక పత్రం కూడా ఆ తరువాత ఎవరు ఏ గదుల్లో ఉన్నారు, పంపకం జరిగిందన్న సంగతి నిజమా కాదా అన్న పరిమితమైన విషయానికి కోర్టులో చూపేందుకు పనికి రావచ్చు, కాకపోతే స్టాంపు సుంకం, అపరాధ రుసుము కట్టవలసి వస్తుంది.

1956కు ముందటి పత్రాల్లో ఇల్లరికపు అల్లుడి ప్రస్తావన కనబడితే తేలికగా దాటవేయకండి. కమ్మ, రెడ్డి కుటుంబాల్లో ఇల్లరికపు అల్లుడికి కొడుకుతో సమానంగా వాటా వచ్చే ఆచారాన్ని మద్రాసు హైకోర్టు కాలం నుంచి న్యాయస్థానాలు గుర్తించాయి.

ఇప్పుడు ఒక పాత వీలునామా బయటపడింది. నమ్మవచ్చా?

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తెలుగు రాష్ట్రాల్లో ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) కూడా తప్పనిసరి కాదు. కాని ఇద్దరు సాక్షులు సంతకం చేసి ఉండాలి. వారిలో ఒక్కరైనా కోర్టులో చెప్పాలి. ఇద్దరూ పోయి ఉంటే వారి చేతిరాతను గుర్తించేవారు కావాలి. సరైన చోట భద్రపరచిన ముప్పై ఏళ్లు దాటిన పత్రాల సంతకాలను నిజమైనవిగా ఊహించే నియమం ఒకటి సాక్ష్య చట్టంలో ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అది కొనసాగింది. కానీ ఆ ఊహ వీలునామాకు వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టరైన వీలునామా ఉందేమోనన్న అనుమానం ఉంటే, రాసినవారు మరణించిన తరువాత ఎవరైనా 3వ పుస్తకం నుంచి నకలు కోరవచ్చు.

మా ఇంటి కాగితాలు నిజాం కాలం నాటి ఉర్దూలో ఉన్నాయి. ఎలా చదవాలి?

ముందుగా సంవత్సరం. అందులో ఉండేది సాధారణంగా ఫస్లీ సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ ఫస్లీ మొదలైన క్రీస్తుశకం వస్తుంది. 1355 ఫస్లీ అంటే 1945 చివర మొదలై 1946లోకి సాగిన సంవత్సరం. సొమ్ము హాలీ సిక్కాల్లో ఉంటుంది, అది బ్రిటిష్ ఇండియా రూపాయి కంటే కొంచెం తక్కువ విలువగలది, సుమారుగా ఏడు హాలీ సిక్కాలకు ఆరు రూపాయలు. షికస్తా (గొలుసుకట్టు) రాత చదవగలిగిన పెద్దలు తగ్గిపోతున్నారు కాబట్టి అనువాదం ఆలస్యం చేయకండి. కోర్టుకు వెళ్లవలసి వస్తే అంగీకారయోగ్యమైన అనువాదకుడి చేత చేయించాలి.

పాత దస్తావేజు నకిలీదని ఎలా అనుమానించాలి?

నకిలీ చేసేవారు సంతకాన్ని జాగ్రత్తగా అనుకరిస్తారు, చరిత్రను మరచిపోతారు. మండల వ్యవస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985లో వచ్చింది. అంతకు ముందు తాలూకాలు, ఫిర్కాలు. కనుక 1971 నాటిదని చెప్పే దస్తావేజులో "మండలం" అని ఉంటే అక్కడే ఆగాలి. రంగారెడ్డి జిల్లా 1978లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1949 నాటి పత్రంలో అణాలుండాలి గాని నయాపైసలుండకూడదు. కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులు 1984లో రద్దయ్యాయి. ఆ తరువాతి తేదీతో కరణం హోదాలో ఎవరైనా ధ్రువీకరిస్తే దానికి అర్థం లేదు. స్టాంపు కాగితం వెనుక అమ్మిన తేదీ, ఎవరి కోసం కొన్నారన్నది రాసి ఉంటుంది. అది దస్తావేజు తేదీ తరువాతిదై ఉండకూడదు. రిజిస్టరైనదని చెబితే, అన్నిటికంటే సులువైన పరీక్ష ఆఫీసు నుంచి నకలు తెప్పించి పక్కన పెట్టి చదవడమే.

ఇంట్లో ఒక్క అన్నగారే ముప్పై ఏళ్లుగా ఉంటున్నారు. పన్నెండేళ్లు దాటితే ఇల్లు ఆయనదే అంటున్నారు.

1963 నాటి కాలపరిమితి చట్టంలోని పన్నెండేళ్ల నియమం బయటివారి ప్రతికూల స్వాధీనానికి సంబంధించింది. సహవాటాదారుల్లో ఒకరి స్వాధీనం అందరి తరఫునా స్వాధీనమే. మిగిలినవారి హక్కును బహిరంగంగా కాదని, అది వారికి తెలిసి, ఆ తరువాత పన్నెండేళ్లు గడిస్తేనే ప్రశ్న వస్తుంది. ఊరికే ఉండడం, పన్ను కట్టడం, మరమ్మతులు చేయించడం చాలవు. అద్దెకున్నవారికైతే, అద్దె ఒప్పందం కొనసాగినంతకాలం, ఎన్నేళ్లైనా ఈ హక్కు రాదు.

ఒక తమ్ముడు తన వాటాను బయటివారికి అమ్మేశాడు. వారు వచ్చి ఇంట్లో దిగవచ్చా?

విభజన కాని వాటాను అమ్మే హక్కు అతనికి ఉంటుంది. కానీ ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షను ప్రకారం, అవిభక్త కుటుంబపు నివాస గృహంలో వాటా కొన్న బయటివారికి ఇంట్లోవారితో కలిసి కాపురముండే హక్కు రాదు. వారు భాగాల దావా వేసుకోవాలి. అలా వేసినప్పుడు 1893 నాటి పార్టిషన్ చట్టం 4వ సెక్షను కింద కుటుంబంలోని వాటాదారు, కోర్టు నిర్ణయించిన విలువ చెల్లించి ఆ వాటాను తిరిగి కొనుక్కోవచ్చు. కుటుంబ గృహాన్ని కాపాడేందుకు చట్టంలో ఉన్న అతి ఉపయోగకరమైన నియమం నా దృష్టిలో ఇదే, అయినా అవసరమైనప్పుడు దీన్ని అడిగేవారు తక్కువ.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకూ ఇవే నియమాలా?

వారసత్వ నియమాలు వేరు, కాగితాలు వెతికే పద్ధతి ఒక్కటే. ముస్లిం ధర్మశాస్త్రంలో ఉమ్మడి కుటుంబ ఆస్తి, పుట్టుకతో హక్కు అనేవి లేవు. మరణంతోనే నిర్దిష్ట వాటాలు ఏర్పడతాయి, కుమార్తె వాటా కుమారుడి వాటాలో సగం. నోటి మాటతో చేసిన హిబా (దానం) కూడా స్వాధీనం అప్పగిస్తే చెల్లుతుంది కాబట్టి, ఆ కుటుంబాల్లో కాగితం లేని మెట్టు ఎదురైతే హిబా జరిగిందా అని అడగాలి. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది.

వారసుల్లో ఇద్దరు అమెరికాలో ఉన్నారు. వారు రాకుండా పని జరుగుతుందా?

జరుగుతుంది. అక్కడి భారత కాన్సులేటులో గాని, నోటరీ, అపోస్టీల్ (విదేశాల్లో చెల్లేందుకు పత్రంపై వేసే అధికారిక ధ్రువీకరణ) ద్వారా గాని ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది భారతదేశం చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించి సక్రమం చేయించుకోవాలి. అందులో ఇంటి షెడ్యూలు, హద్దులు, ఏ పని కోసం అధికారం ఇస్తున్నారో స్పష్టంగా రాయాలి. "నా ఆస్తులన్నిటికీ" అని పొడిపొడిగా రాసిన దాన్ని సబ్‌రిజిస్ట్రారు ఒప్పుకోకపోవచ్చు. అయితే పవర్ ఆఫ్ అటార్నీతో కలిపి అమ్మకపు ఒప్పందం రాయించుకున్నంత మాత్రాన యాజమాన్యం మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాటా వదులుకోదలచిన వారు మాట మీద కాక రిజిస్టరు విడుదల దస్తావేజు ద్వారానే వదులుకోవాలి. అది ఎవరి పేరున విడుదల చేస్తున్నారో, వాటా ఎంతో, ఆ వాటా ఎవరి మరణం వల్ల తమకు వచ్చిందో అందులోనే రాయించాలి, లేకపోతే ముప్పై ఏళ్ల తరువాత ఈసీ తీసినవారికి ఆ మెట్టు మళ్లీ అర్థం కాకుండా పోతుంది.